సీమ నేలమీద నేర నవల: ఊహ నుంచి ప్రూఫు దాకా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో నడిచే నేర నవల అనగానే రాసేవాళ్ల చేతికి ముందుగా తగిలేవి వేటకొడవలి, నాటుబాంబు, తెల్ల సుమో. మూడూ సినిమా ఇచ్చినవే. వాటిని పక్కన పెట్టమనడం సీమ పరువు కోసం మాత్రమే కాదు, కథ పని కోసం కూడా. ఫ్యాక్షన్ హత్య ఎవరు చేయించారో తెల్లారేసరికి ఊరంతటికీ తెలిసిపోతుంది. తేలనిది ఒక్కటే, కోర్టుకొచ్చి ఎవరు చెబుతారన్నది. దాని మీద గట్టి నవలే రాయవచ్చు గానీ అది భయం గురించిన నవల అవుతుంది. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న రెండు వందల పేజీలు నిలబడాలంటే దాచిన నేరం కావాలి. దాచడానికి సీమలో బయలు ఉంది, ఎండ ఉంది, కొన్ని నెలలు వచ్చి కొన్ని నెలలు పోయే నీళ్లున్నాయి.

నేరాన్ని ఊరి నుంచి తీయడం

ఊహ తట్టగానే దానికి ఒక పరీక్ష పెట్టండి. ఈ నేరం గుంటూరులోనో వరంగల్‌లోనో జరిగినా ఇలాగే ఉంటుందా? ఉంటుందనిపిస్తే ఇంకా మీ నవల దొరకలేదన్నమాట.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతాల్లో తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలి మెరుస్తుందన్న ఆశతో పొరుగు జిల్లాల నుంచి కూడా వచ్చి, చెట్ల కింద, గుడి అరుగుల మీద మకాం పెడతారు. దొరికినవాళ్లు గట్టిగా చెప్పరు, కొనేవాళ్లు అసలే చెప్పరు. విత్తనం వేయాల్సిన చేను తొక్కుతున్నారని రైతులు కోప్పడతారు. ఒక్క వాస్తవంలోనే దురాశ, రహస్యం, ఊరికి కొత్త మనుషులు, నేలగలవాడి కోపం నాలుగూ ఉన్నాయి. నేర నవలకు ఇంతకు మించిన ముడిసరుకు కష్టం.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీళ్లు నిండితే సంగమేశ్వరం గుడి మునిగిపోతుంది, వేసవిలో మట్టం తగ్గాక మళ్లీ బయటపడుతుంది. అక్కడ ఒక వస్తువు దాచినవాడు తలచుకున్నప్పుడల్లా వెళ్లి తీసుకోలేడు, నీళ్లు దిగేదాకా ఆగాలి. ఇలాంటి గడువు హంతకుడికీ పోలీసుకూ ఒకేలా వర్తిస్తుంది గనుక బిగువు దానంతటదే వస్తుంది.

ముంపు పరిహారం ఇంకో మంచి చోటు. గండికోట జలాశయం కింద ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం వయోజనులను విడి కుటుంబంగా లెక్కిస్తారు. అంటే ఒక పుట్టిన తేదీ, ఒక స్కూలు రికార్డు, ఒక చావు తేదీ లక్షల రూపాయల తేడా తెస్తుంది. కత్తి లేకుండానే నేరం మొదలవుతుంది.

ఎర్రచందనం జోలికి వెళ్లే ముందు ఒకసారి ఆలోచించుకోండి. దుంగలు, లారీ, చెక్‌పోస్టు దృశ్యం పాఠకుడు ఇప్పటికే చాలాసార్లు చూశాడు. అదే అడవిలో ఎవరూ వాడని సంగతులున్నాయి. ఇక లేదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలోనే మళ్లీ కనిపించింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. దాని జాడ కోసం పరిశోధకులు పొదల మధ్య నేలను మెత్తగా చదునుచేసి, అడుగులు పడే పట్టీలు పరిచారు, కెమెరాలు కట్టారు. పిట్ట అడుగుల కోసం పరిచిన మట్టిలో మనిషి చెప్పు పడితే? ఆధారం అంటే అలా ఉండాలి, వేరే పని కోసం పెట్టిన వస్తువు నేరాన్ని పట్టివ్వాలి.

రైతు ఆత్మహత్యలను మాత్రం మలుపు కోసం వాడకండి. ‘ఆత్మహత్య అనుకున్నది హత్య’ అన్న ఎత్తు సులువుగా దొరుకుతుంది. అనంతపురంలో ఆ దుఃఖం చూసిన ఇళ్లు మీ పుస్తకం కొనేవాళ్లలోనే ఉంటాయి. ఆ విషయం రాయాల్సిందే అనుకుంటే నవల మొత్తం దాని మీదే నిలబడాలి.

ముందు క్యాలెండరు, తర్వాత కథ

ఏ సంవత్సరం, ఏ నెల అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. తర్వాత మార్చితే సగం ఆధారాలు చెడతాయి. ఎర్రనేలలో వేరుశనగ జూన్, జూలై వానలకు విత్తి అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. నల్లరేగడిలో శనగ వానలు వెనకబట్టాక, అక్టోబరు తర్వాత వేస్తారు. కాబట్టి ‘ఆగస్టులో ఖాళీగా ఉన్న రేగడి చేను’ నిజమే కావచ్చు గానీ ‘ఆగస్టులో ఖాళీగా ఉన్న వేరుశనగ చేను’ అంటే వాన రాలేదని అర్థం. ఆ సంగతి కథలో ఎవరో ఒకరు అనుకోవాలి. కర్నూలు-కడప (కేసీ) కాలువలో ఏడాది పొడవునా నీళ్లు పారవు. ఏప్రిల్‌లో కాలువలో శవం కొట్టుకొచ్చిందని రాస్తే నంద్యాల పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

రాత్రి చేలో మనిషి ఎందుకున్నాడన్న ప్రశ్న ప్రతి నేర నవలలోనూ వస్తుంది. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల కరెంటు రాకముందు, వంతు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది, రైతులు మోటారు దగ్గరే పడుకునేవాళ్లు. ఆ కాలంలో పెట్టిన కథకు రాత్రి సాక్షులు ఊరికే దొరుకుతారు. ఇప్పటి కథలో అదే మనిషిని చేలో పడుకోబెట్టాలంటే కోతకొచ్చిన పంటకు కావలి అనో, అడవిపందుల బెడద అనో కారణం చూపాలి.

సంవత్సరం మారితే పేర్లూ మారతాయి. ఇక్కడ జరిగే తప్పులకు లెక్కలేదు. కర్నూలు, అనంతపురం గుండా పోయే జాతీయ రహదారి నంబరు ఇప్పుడు 44, పాత కథలో అది 7. కర్నూలు నుంచి కడప వైపు వచ్చేది ఇప్పుడు 40, అప్పట్లో 18. 2022 ఏప్రిల్ 4 తర్వాత బెలుం, అహోబిలం నంద్యాల జిల్లాలోకి, కదిరి, ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, ఎస్పీ ఆఫీసు కూడా మారింది. కడపను 2010లో వైఎస్సార్ జిల్లా అన్నారు, 2025లో వైఎస్సార్ కడప జిల్లా చేశారు గానీ మాటల్లో అందరూ కడప అనే అంటారు. కాగితం మీద ఒకటి, నోట్లో ఒకటి అని గుర్తుపెట్టుకుని రాయండి. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. శవం కనిపించిందని స్టేషన్‌కు కబురు పంపేవాడు ఆ రెండు తేదీలను బట్టే మారతాడు.

నెల తేలాక ఆ నెలలోనే ఊరికి పోయి చూడాలి. జూన్ కథ కోసం జనవరిలో తుగ్గలి చూసొస్తే కనిపించేది వేరే ఊరే. పాత కాలం కథైతే కడప ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయంలోనూ, జిల్లా గ్రంథాలయాల్లోనూ కూర్చోవాలి. బ్రిటిష్ కాలపు జిల్లా మాన్యువళ్లలో దారులు, చెరువులు, కరువులు, కొలతలు దొరుకుతాయి. మనుషుల్లో అయితే రిటైరైన వీఆర్వో, స్టేషన్ రైటరుగా పనిచేసిన హెడ్ కానిస్టేబుల్ చెప్పినంత బాగా పెద్ద ఆఫీసర్లు చెప్పలేరు. కాగితాలు రాసింది వాళ్లే మరి.

వెనక నుంచి ముందుకు అల్లడం

నేర నవలను మొదటి అధ్యాయం నుంచి రాసుకుంటూ పోతే పన్నెండో అధ్యాయం దగ్గర నిలిచిపోతుంది. కారణం ఎప్పుడూ ఒకటే, హంతకుడు ఆ గంటకు ఎక్కడున్నాడో రచయితకే తెలియదు. అందుకని ఒక పెద్ద కాగితం తీసుకుని అయిదు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో రోజు, గంట. రెండో దాంట్లో నిజంగా జరిగింది. మూడో దాంట్లో హంతకుడు జరిగిందని చెప్పేది. నాలుగో దాంట్లో ఎవరు ఏం చూశారు. చివరిది పాఠకుడికి అది తెలిసే అధ్యాయం సంఖ్య.

తుగ్గలి కథనే తీసుకుందాం. సోమవారం వాన. మంగళవారం మధ్యాహ్నం పొరుగు జిల్లా కూలీకి రాయి దొరికింది. బుధవారం రాత్రి బేరం. గురువారం మనిషి కనబడలేదు. శనివారం పొద్దున దిగుడుబావిలో శవం తేలింది. పుస్తకం శనివారంతో మొదలవుతుంది గానీ మీ పట్టిక సోమవారంతో మొదలవ్వాలి. బుధవారం రాత్రికి మాత్రం గంటల లెక్క చాలదు, పావుగంటల్లో రాసుకోవాలి. మూడో గడికీ నాలుగో గడికీ ఎక్కడ పొసగదో అక్కడే మీ ఆధారం ఉంది. విడిగా కూర్చుని ఆధారాలు కనిపెట్టే పనే ఉండదు.

ఆ బావి ఎర్రనేలలో ఉంది, చచ్చినవాడి చెప్పుల అడుగున నల్లరేగడి అతుక్కుని ఉంది అనుకోండి. తడిసిన రేగడి ముద్దలుగా పట్టి ఆరాక గట్టిపడుతుంది, నీళ్లలో పడినా గాళ్ల సందుల్లో కొంత మిగులుతుంది. ఎర్రమట్టి అలా ముద్ద కట్టదు, గుడ్డకు రంగు పట్టిస్తుంది. ఈ సంగతిని మొదట శవాన్ని వర్ణించేటప్పుడు జేబులోని బీడీకట్ట, తెగిన మొలతాడు, చెప్పులు అంటూ మధ్యలో దాటేయండి. రెండోసారి పది అధ్యాయాల తర్వాత, బండి చక్రానికి పట్టిన రేగడిని పుల్లతో గీకుతూ ఎవరో విసుక్కోవాలి. మూడోసారి పరిశోధకుడు రెండింటినీ కలుపుతాడు. ముఖ్యమైన ఆధారం ఏదైనా ఇలా మూడుసార్లు రావాలి, మూడోసారికి ముందు రెండుసార్లు పాఠకుడి కళ్ల ముందు నుంచే పోవాలి. చివర్లో జేబులోంచి తీసిన కొత్త ఆధారంతో కేసు తేలిస్తే పాఠకుడికి మోసపోయినట్టుంటుంది.

అనుమానితులు అయిదుగురు చాలు. ఏడుగురైతే పాఠకుడు పేర్లు మరిచిపోతాడు, ముగ్గురైతే ముందే పట్టేస్తాడు. దారి తప్పించే మనుషులు ఇద్దరుండాలి. వాళ్లు అబద్ధమాడటానికి వాళ్ల సొంత రహస్యం ఉండాలి. ఒకడు ఆ రాత్రి పేకాటలో పొలం కాగితాలు కుదువపెట్టి వచ్చాడు, అందుకే ఇంట్లో ఉన్నానంటాడు. హత్యతో సంబంధం లేకపోయినా ఆ అబద్ధం విప్పినప్పుడు ఒక ఇల్లు కూలుతుంది. ఉత్త అనుమానం కోసం పెట్టిన మనిషి అచ్చులో బొమ్మలాగే కనిపిస్తాడు.

నవల 45,000 మాటలు, 36 అధ్యాయాలు అనుకుంటే ఒక్కో అధ్యాయానికి 1,250 మాటలు పడతాయి. రెండో అధ్యాయం ముగిసేలోపు శవం, పన్నెండు నాటికి తప్పు మనిషి అరెస్టు, పద్దెనిమిది దగ్గర రెండో దెబ్బ, ఇరవై ఏడు నాటికి ఆధారాలన్నీ పాఠకుడి ముందు ఉండాలి. మిగతా కొలతలు మీ కథను బట్టి జరపవచ్చు, ఇరవై ఏడుది జరపకండి.

ఎండలో శవం

సీమ నేపథ్యపు నవలలు ఎక్కువగా తప్పేది ఇక్కడ. చలిదేశాల కథల్లో డాక్టరు శవం వేడి చూసి ‘నాలుగు గంటలయింది’ అంటాడు. శరీరం 37 డిగ్రీల నుంచి చుట్టూ ఉన్న గాలి వేడి వైపు దిగుతుంది గనుక అక్కడ ఆ లెక్క కుదురుతుంది. మే నెలలో నంద్యాలలో, కడపలో పగలు 42, 43 డిగ్రీలుంటే శరీరం దేనివైపు దిగాలి? చల్లబడదు సరికదా, ఎండలో ఉంటే వేడెక్కుతుంది. వేసవి కథలో మీ డాక్టరు వేడిని బట్టి సమయం చెప్పాడంటే అతనికి చదువు రాదన్నమాట. హంతకుడు ఈ సంగతిని నమ్ముకోవడం మాత్రం బాగుంటుంది.

శవం బిగుసుకోవడం మామూలుగా రెండు మూడు గంటలకు కనురెప్పల్లో, దవడల్లో తెలుస్తుంది. ఒళ్లంతా పాకడానికి పన్నెండు గంటల వరకు పడుతుంది. తర్వాత అంతసేపు అలాగే ఉండి, మెల్లగా సడలుతుంది. ఎండాకాలంలో ఈ మూడు దశలూ త్వరగా గడిచిపోతాయి. ముందుగా బాగా శ్రమపడ్డ శరీరం ఇంకా త్వరగా బిగుస్తుంది. పొట్ట మీద ఆకుపచ్చ మచ్చ వేసవిలో పగలూ రాత్రీ తిరిగేలోపే కనిపించవచ్చు. నీళ్లలో పడ్డ శవం మన వేసవిలో సుమారు ఒక రోజుకే తేలుతుంది, చలికాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. దిగుడుబావి లోతున నీళ్లు చల్లగా ఉంటాయి గనుక ఇంకాస్త ఆలస్యమవుతుంది. తుగ్గలి కథలో బుధవారం రాత్రి పడ్డ మనిషి శనివారం దాకా తేలలేదంటే ఎవరో ఒకరు ‘ఎందుకింత ఆలస్యం’ అని అడగాలి. జవాబు రాయి కట్టారనా, వేరేచోట ఉంచి తర్వాత పడేశారనా? అక్కడ మీకు రెండో మలుపు దొరికింది.

శవాన్ని కదిలించారని చెప్పడానికి నమ్మదగిన గుర్తు రక్తం దిగిన మరకలు. చనిపోయాక రక్తం కింది వైపుకు దిగి చర్మం ఊదారంగుకు తిరుగుతుంది. ఆరు నుంచి పన్నెండు గంటల్లో ఆ మరక స్థిరపడుతుంది. తర్వాత బోర్లా తిప్పినా వీపు మీది మరక వీపు మీదే ఉంటుంది. మునిగి చనిపోయాడా, చనిపోయాక పడేశారా అన్నదానికి డయాటం పరీక్ష ఉంది. ఎముక మజ్జలో దొరికిన సూక్ష్మజీవుల పెంకులను బావినీళ్లతో పోలుస్తారు. ఆ రిపోర్టు మర్నాడు రాదు. ల్యాబ్ కాగితం కోసం వారాలు, నెలలు ఎదురుచూడటం కథలో చూపించండి, ఆ ఖాళీలో మనుషులు తప్పులు చేస్తారు. డాక్టరు చేత ఎప్పుడూ ‘ఇన్ని నుంచి ఇన్ని గంటల మధ్య’ అనిపించాలి. ఒకే గంట చెప్పే డాక్టరు రచయిత మనిషి.

స్టేషన్, పంచనామా, ఒప్పుకోలు

2024 జూలై 1 నుంచి జరిగిన హత్య భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ కిందికి వస్తుంది, అంతకుముందుదైతే ఐపీసీ 302. ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 173 కింద, శవపంచనామా 194 కింద. పాత కథలో సీఆర్‌పీసీ 154, 174. ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ మనుషులు స్థలానికి రావాలని కొత్త చట్టం చెబుతోంది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ప్రయాణ సమయం దీనికి అదనం. మండల స్టేషన్‌లో ఎస్సై, పైన సీఐ, ఆపైన డీఎస్పీ, జిల్లాకు ఎస్పీ. హత్య కేసు దర్యాప్తు సాధారణంగా సీఐ చేతిలోకి వెళుతుంది. మీ ఎస్సై చివరిదాకా ఒంటరిగా నడవాలంటే సీఐ సెలవులో ఉన్నాడనో, కేసు ముందు ‘అనుమానాస్పద మృతి’గా నమోదైందనో చూపించాలి. రెండోది మేలు, నిజానికీ దగ్గర.

ఇంకో పెద్ద చిక్కు ఆఖరి దృశ్యం. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి హంతకుడి చేత ఒప్పించి పుస్తకం ముగిస్తారు. పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. మేజిస్ట్రేట్ ముందు, అది కూడా స్వచ్ఛందంగా చెబితేనే విలువ. ఒక్క దారి ఉంది, నిందితుడు చెప్పిన మాట మీద వస్తువు దొరికితే ఆ మేరకు మాట చెల్లుతుంది. అందుకే ముగింపు నోటి మీద కాకుండా ఒక వస్తువు మీద నిలబడాలి. పంచుల (పంచనామా సాక్షుల) ముందు బయటికి తీసిన చెప్పో, కాటా రాయో, తాకట్టు రసీదో. అలా రాస్తే ఆఖరి అధ్యాయం గదిలోంచి పొలంలోకి వస్తుంది, నవలకూ మంచిదే.

ఫోన్ గురించి రెండు మాటలు. ఇప్పటి కథలో పోలీసు మొదట తెప్పించేది సీడీఆర్, అంటే ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారో చెప్పే కంపెనీ రికార్డు. దాన్ని తప్పించడానికి ప్రతి పాత్రా ఫోన్ పోగొట్టుకుంటే నవ్వొస్తుంది. నల్లమల లోపల సిగ్నల్ అందని చోట్లున్నాయి, వాడుకోండి. లేదా కథను ఎస్టీడీ బూత్‌ల కాలానికి తీసుకుపోండి.

పేర్లు, వరసలు, మాట

అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయస్వామి పీర్లకు మొక్కుకున్న ఇళ్లలో హిందువుల పిల్లలకు కుళ్లాయప్ప అని పేరు పెడతారు. దస్తగిరి, మస్తాన్ లాంటి పేర్లు కూడా రెండు వైపులా వినిపిస్తాయి. పేరును చూసి మతం ఊహించే బయటి ఆఫీసరు పాత్రకు ఇది మంచి పొరపాటు. సీమ పాఠకుడు మాత్రం ఆ ఎరకు చిక్కడు, కాబట్టి రహస్యం మొత్తాన్ని దాని మీద వేలాడదీయకండి.

వరసలే అసలు నిధి. మేనరికాలున్న ఊళ్లో ఒకే మనిషి ఒకరికి మామ, ఇంకొకరికి బావ, మరొకరికి చిన్నాయన. చచ్చినవాడితో నాకేం సంబంధం లేదన్న మనిషి, ఏడుపులో వాడి తల్లిని ‘పెద్దమ్మా’ అని పిలిచాడనుకోండి. పెద్దమ్మ అంటే అమ్మకు అక్కో, పెద్దనాయన భార్యో. అన్నదమ్ముల వరస బయటపడింది, ఆస్తిలో వాటా సంగతి వెనకే వస్తుంది. ఇలాంటి ఆధారం దాచాలంటే నవల మొదటి నుంచీ అందరి చేతా వరసలు పెట్టి పిలిపించాలి. అప్పుడు ఆ ఒక్క పిలుపు గుంపులో కలిసిపోతుంది. ఇందుకోసం మూడు తరాల వంశవృక్షం గీసి గోడకు అంటించండి, పక్కన ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో రాయండి.

మాట విషయంలో కథనం ఒక తీరు, సంభాషణ ఒక తీరు ఉండటం మేలు. కథనం అందరికీ తెలిసిన వాడుకభాషలో నడపండి, సంభాషణలో సీమ క్రియలు రానివ్వండి. ‘రాత్రి యాడికి పోయింటివి?’ ‘యాడికీ పోలేదప్పా, ఇంటికాడనే ఉంటి.’ ఇంత చాలు. ప్రతి మాటనూ విరిచి రాస్తే చదవడం కష్టం, పైగా అది వెక్కిరింపులా వినిపిస్తుంది. మూడు జిల్లాలదీ ఒకే యాస కాదు. రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం కలుస్తుంది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తుంది. అరక్షరం చదువుకున్న ప్రతివాడూ యాసలో, ఆఫీసరు మాత్రం పుస్తకాల తెలుగులో మాట్లాడటం పాత జబ్బు. కర్నూలులో పుట్టిన డీఎస్పీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు కర్నూలు మాటే మాట్లాడతాడు. అతనికి ఆ రెండు గొంతులూ ఇవ్వండి. తిండి కూడా అంతే: ఉగ్గాని బజ్జీ, సంగటి, చెనక్కాయల ఊరిబిండి ఎవరు ఏ పూట తింటారో తెలిసి రాయాలి, ప్రదర్శన కోసం కాదు.

ఊరి పేరు కల్పించండి, చుట్టూ ఉన్న పట్టణాలు నిజమైనవి ఉంచండి. పత్తికొండ టమోటా మార్కెట్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో లేని ఊరిని పెట్టవచ్చు గానీ లేని మార్కెట్‌ను పెట్టకూడదు. బతికున్న మనుషుల ఇంటిపేరు, వృత్తి, ఊరు మూడూ కలిసేలా పాత్రను పెట్టకండి. ‘ఇందులో పాత్రలు కల్పితం’ అన్న వాక్యం పరువునష్టం కేసును ఆపదు, ఊరి పంచాయితీని అసలే ఆపదు.

రోజూ కూర్చోవడం

రోజుకు 500 మాటలు, తొంభై రోజులు. 45,000 మాటలు అక్కడికి సరి. ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్లకు ఇంతకన్నా పెద్ద లెక్క నిలవదు. పండగలకు, పెళ్లిళ్లకు, జ్వరాలకు ఇంకో ఇరవై రోజులు కలుపుకోండి. పొద్దున నాలుగున్నర నుంచి ఆరు వరకు సీమ వేసవిలో తల పనిచేసే సమయం, మధ్యాహ్నం రేకుల కింద కూర్చుని రాసింది మర్నాడు కొట్టేయాల్సి వస్తుంది. ఆపేటప్పుడు వాక్యం మధ్యలో కాకపోయినా దృశ్యం మధ్యలో ఆపండి, తర్వాత ఏం జరగాలో ఒక్క ముక్క కింద రాసిపెట్టండి. మర్నాడు ఖాళీ కాగితం ముందు కూర్చునే బాధ తప్పుతుంది. ఫోన్‌లో మాట్లాడి టైపు చేయించేవాళ్లు సంభాషణలను మళ్లీ చూసుకోవాలి, యంత్రం ‘పోయింటివి’ని తనకు తెలిసిన రూపానికి మార్చేస్తుంది.

మొదటి రాత ముగిశాక మూడు వారాలు ముట్టకండి. తర్వాత నాలుగు చదువులు, ఒక్కోసారి ఒక్క పనే. మొదటిది గంటల పట్టిక పక్కన పెట్టుకుని సమయాల కోసం. రెండోది ఎవరికి ఏది ఎప్పుడు తెలిసిందన్నది. తొమ్మిదో అధ్యాయంలో గానీ తెలియని సంగతిని ఎనిమిదిలోనే వాడిన పాత్ర కచ్చితంగా ఒకటి దొరుకుతుంది. మూడోది సంభాషణలు గట్టిగా చదవడం. నాలుగోది అక్షరదోషాలు. అన్నీ ఒకే చదువులో చూస్తే కథ లాక్కుపోయి ఏదీ కనిపించదు. ఆ తర్వాత ముగ్గురికివ్వండి, ఒకరు మీ ఊరివాళ్లు, ఒకరు కోస్తావాళ్లు, ఒకరు నేర నవలలు తెగ చదివేవాళ్లు. ‘బాగుందా’ అని అడగకండి. ఏ పేజీలో హంతకుణ్ని పట్టారో అంకె వేయమనండి. ముగ్గురూ పన్నెండో అధ్యాయంలోపే పట్టేస్తే ఆధారం మరీ పైకుంది, ఒక్కరూ చివరిదాకా పట్టకపోతే బహుశా ఆధారమే లేదు.

అచ్చుకు పోయేముందు

తెలుగు నవల ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులో వస్తుంది. పేజీకి సుమారు 230 మాటలనుకుంటే 45,000 మాటలు రెండు వందల పేజీలకు కాస్త అటూఇటూ. పదహారు పేజీలు ఒక ఫారం గనుక 208 అయితే పదమూడు ఫారాలు సరిగ్గా సరిపోతాయి. 211 వస్తే మూడు పేజీలు కోయండి, లేదా కాగితం దండగ. ఐఎస్‌బీఎన్ మనదేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సొంతంగా వేసుకుంటే లెక్క ముందే చూసుకోండి. ముఖవెల ₹200, అమ్మకందారుకు 40 శాతం పోతే చేతికి వచ్చేది ₹120. ప్రింటు, బొమ్మ, ప్రూఫు, పార్సిల్ అన్నీ అందులోనే. మొదటి విడత 300 కాపీలు దాటించకపోవడం మంచిది, మిగిలిన కట్టలు ఇంట్లో ఎలుకలకు పోతాయి.

మీరు యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలును డీటీపీ వాళ్లు అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత అచ్చు ఫాంట్లు) మార్చుకుంటే కొన్ని అక్షరాలు చెడతాయి. ‘చెక్‌పోస్టు’ లాంటి చోట్ల విడిగా ఉండాల్సిన పొల్లు పోయి తర్వాతి అక్షరం దానికి ఒత్తుగా అతుక్కుంటుంది, కొటేషన్ గుర్తులు తిరగబడతాయి, ఱ, ఞ మాయమవుతాయి. నేర నవలలో అంకెలే ప్రాణం గనుక మార్పిడి అయిన ప్రూఫులో ముందుగా తేదీలు, గంటలు, బండి నంబర్లు మీ గంటల పట్టికతో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఆ తర్వాత మామూలు ప్రూఫు మొదలుపెట్టండి, అది కూడా తెరమీద కాదు, కాగితం మీద.